మురిగిపోయే మైళ్లు

సరోజినీ నగర్ మార్కెట్లో బేరం ఎలా ఆడాలో నాకు నేర్పింది మా కింది క్వార్టర్లో ఉండే కాకినాడ ఆవిడ. ఎగుమతి ఆర్డర్లలో మిగిలిపోయిన చొక్కాను చూపించి కొట్టువాడు 600 రూపాయలంటే ఆవిడ ముఖంలో ఏ భావమూ కనిపించేది కాదు. 'ముందు దాని ధర ఎంతో మీ మనసులో తేల్చుకోండి. ఆ తర్వాతే నోరు తెరవండి' అనేవారు. చొక్కాల విషయంలో ఆ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించిన నేను క్రెడిట్ కార్డు దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాను. అందుకు చెల్లించిన మూల్యం 22 వేల మైళ్లు.

నా భార్య కేంద్ర ప్రభుత్వోద్యోగి కావడంతో పదేళ్లకు పైగా సరోజినీ నగర్ క్వార్టర్లలో కాపురమున్నాం. హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు పేరున్న కాలనీ కాబట్టి అది మనదేనన్న ధీమా తెలుగువాళ్లకు కాస్త ఎక్కువ. ఏడు కాలనీల పునర్నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదం తెలిపాక ఆ పాత ఇళ్లు ఒక్కొక్కటే నేలమట్టమయ్యాయి. ఆ ఇంటి వరండాలో కూర్చుని నేను వేసుకున్న లెక్క ఒకటుంది. కార్డు మీద మైళ్లు పోగుచేసి అమ్మను, తమ్ముడిని విశాఖ నుంచి విమానంలో ఢిల్లీకి రప్పించాలి, అమ్మకు హరిద్వార్ చూపించాలి. అమ్మ అప్పటికి విమానం ఎక్కలేదు.

మైళ్లు చేరాయి. 'ఇంకొన్ని పోగయితే బిజినెస్ క్లాసే దొరుకుతుంది కదా' అనిపించింది. ఓ ఏడాది పిల్లల పరీక్షలు, మరో ఏడాది తమ్ముడికి సెలవు దొరకలేదు. మూడేళ్ల గడువు ముగిసిందని సదరు విమానసంస్థ పంపిన మెయిలు ప్రకటనల గుట్టలో కలిసిపోయింది. చూసుకునేసరికి ఖాతాలో సున్నా. తప్పు వాళ్లది కాదు. నిబంధనల్లో గడువు సంగతి స్పష్టంగానే ఉంది. చదవనివాణ్ని నేనే.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మేలో ప్రారంభించిన పథకంతో ఈ మైళ్ల వ్యాపారం ఊపందుకుంది. మొదట్లో ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు. తర్వాత బ్యాంకులు ప్రవేశించాయి. విమానసంస్థల దగ్గర మైళ్లను టోకున కొని కార్డుదారులకు చిల్లరగా పంచుతాయి. అంటే మైలు అనేది దూరం కాదు, ఒక రకం కరెన్సీ. దాన్ని ముద్రించేదీ, విలువ నిర్ణయించేదీ, గడువు పెట్టేదీ వాళ్లే. బ్యాంకులో వేసిన డబ్బుకు ఎంతో కొంత వడ్డీ వస్తుంది. దాచిన మైలుకు వచ్చేది తరుగే.

కాబట్టి కాకినాడ ఆవిడ చెప్పినట్టు ముందు ధర తేల్చుకోవాలి. లెక్క సులువే. టికెట్ నగదు ధరలోంచి, మైళ్లతో కొన్నా మీరు చేతినుంచి కట్టాల్సిన పన్నులు, రుసుములు తీసేయండి. మిగిలిన మొత్తాన్ని మైళ్ల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు ఢిల్లీ-హైదరాబాద్ టికెట్ 6,500 రూపాయలనుకుందాం. మైళ్లతో అయితే 8,000 మైళ్లు, పైన 1,300 రూపాయలు. అంటే మైలుకు 65 పైసలు. అదే టికెట్ సంక్రాంతి ముందు 14,000కు ఎగబాకిందనుకోండి. మైళ్ల సంఖ్య మారకపోతే ఒక్కో మైలు దాదాపు 1 రూపాయి 59 పైసలు పలుకుతుంది. అవే 8,000 మైళ్లకు కార్డు కంపెనీ కేటలాగులో 1,600 రూపాయల మిక్సీ తీసుకుంటే దక్కేది 20 పైసలు. మిక్సీలు, గడియారాలు, గిఫ్టు వోచర్ల జోలికి సాధారణంగా వెళ్లొద్దని చెప్పేది ఇందుకే.

ఇక్కడో మెలిక ఉంది. సంక్రాంతికి 14 వేలు పెట్టి టికెట్ కొనే ఉద్దేశం మీకు నిజంగా ఉందా? లేక తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ బెర్తుతో సరిపెట్టుకునేవారా? రైలే అయితే మీకు ఆదా అయింది రైలు చార్జీయే. కొట్టువాడు 600 చెప్పిన చొక్కాను 200కు తెచ్చుకుని '400 మిగిల్చాను' అని ఇంట్లో చెప్పుకోవడం లాంటిదే ఈ భ్రమ కూడా. పైగా పండగ రోజుల్లో మైళ్లకు కేటాయించే సీట్లు అరుదు. నగదు ధరతో పాటే మైళ్ల ధరనూ పెంచే సంస్థలున్నాయి. తేదీ ఖరారైన వెంటనే బుక్ చేసుకున్నవారికే లాభం.

రాబడి తెలిసింది సరే, ఖర్చు మాటేమిటి? నెలకు 25,000 చొప్పున ఏడాదికి 3 లక్షలు కార్డు మీద ఖర్చు పెట్టే కుటుంబాన్ని తీసుకుందాం. వంద రూపాయలకు 2 మైళ్లు వస్తే ఏడాదికి 6,000. మైలు 50 పైసలనుకుంటే 3,000 రూపాయలు. కార్డు వార్షిక రుసుము 1,500, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 1,770. నికరంగా మిగిలేది 1,230 రూపాయలు. ఇప్పుడు ఒకే ఒక్క నెల 25,000 బిల్లు కట్టడం వాయిదా వేశారనుకోండి. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 875, జీఎస్టీతో 1,032. ఏడాది కష్టంలో మిగిలింది 200 రూపాయల లోపు. నెలనెలా బిల్లు పూర్తిగా కట్టలేనివారికి మైళ్ల కార్డు పనికిరాదు. 'కనీస మొత్తం' కడితే చాలన్న మాట వారిని ముంచే మాట.

చిన్న చిన్న చిల్లులు మరికొన్ని ఉన్నాయి. కార్డు గీస్తే 2 శాతం అదనమనే దుకాణాలను సరోజినీ నగర్‌లోనే కాదు, అబిడ్స్‌లోనూ చూస్తాం. వందకు 2 రూపాయలు అదనంగా ఇచ్చి రూపాయి విలువైన 2 మైళ్లు తెచ్చుకోవడం ఏం బేరం? అక్కడ నగదే మేలు. విదేశాల్లో వాడితే చాలా కార్డులు 3.5 శాతం మార్కప్ వేస్తాయి. జీఎస్టీతో అది 4 శాతం దాటుతుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుని బయల్దేరడం మంచిది.

ప్రభుత్వోద్యోగులకు ఇంకో జాగ్రత్త. ఆఫీసు పని మీద చేసిన ప్రయాణాల టికెట్లపై వచ్చే మైళ్లు శాఖకే చెందుతాయని, వాటిని సొంత ప్రయాణాలకు వాడితే శాఖాపరమైన చర్య ఉంటుందని ఆర్థిక శాఖ ఎప్పుడో స్పష్టం చేసింది. సొంత కార్డుతో ఇంటి ఖర్చుల మీద సంపాదించుకున్నవి మాత్రం మీవే.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రశ్న. మైళ్లు దాచిన సంస్థే లేకపోతే? మన దేశంలో ఇది ఊహ కాదు. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. దాని మైళ్లు ఎందుకూ కొరగాకుండా పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరిసారిగా ఎగిరింది. అయితే దాని మైళ్ల పథకం వేరే కంపెనీగా ఉండటంతో ఇంటర్‌మైల్స్‌గా పేరు మార్చుకుని నిలబడింది, సభ్యులు బతికిపోయారు. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసిపోయినప్పుడు పాయింట్లు కూడా అటే బదిలీ అయ్యాయి. మూడు సంస్థలు, మూడు రకాల ముగింపులు. మీ మైళ్లకు ఏది రాసిపెట్టి ఉందో ముందుగా తెలిసే దారి లేదు.

అందుకే ఒకే సంస్థకు కట్టుబడే కార్డు కంటే, పలు సంస్థలకు బదిలీ చేసుకునే వీలున్న బ్యాంకు పాయింట్లు చాలామందికి నయం. ఒక సంస్థ మూతపడినా, రేటు పెంచినా మరోదానికి మళ్లొచ్చు. కాకపోతే బదిలీ చేశాక సాధారణంగా వెనక్కి రావు. సీటు ఉందని కళ్లారా చూసుకున్నాకే బదిలీ చేయండి. గడువు తేదీని ఫోను క్యాలెండర్లో ఆరు నెలల ముందే గుర్తు పెట్టుకోండి. లెక్క కిట్టడం లేదనిపిస్తే కార్డు రద్దుకు వెనుకాడొద్దు. బకాయి లేని కార్డును మీరు కోరిన ఏడు పనిదినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2022 నుంచి ఉంది. రద్దుకు ముందు పాయింట్లు వాడేసుకోవడం మాత్రం మరవొద్దు.

చివరికి అమ్మ ఢిల్లీ వచ్చింది. మైళ్లతో కాదు, డబ్బుతోనే టికెట్ కొన్నాను. కిటికీ పక్క సీట్లో కూర్చుని మబ్బులు కిందుగా పోవడం చూశానని వారం రోజులు చెప్పింది. అయితే అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. హరిద్వార్ ఘాట్ మెట్లు దిగడం తన వల్ల కాదంది. మూడేళ్ల ముందయితే దిగేది. 22 వేల మైళ్లకు రూపాయల్లో విలువ కట్టడం నాకిప్పుడు బాగా వచ్చు. ఆ మూడేళ్లకు ఎలా కట్టాలో మాత్రం తెలియడం లేదు. మీ ఖాతాలో మైళ్లుంటే ఈ వారమే తీసి చూడండి. ఎవరిని ఎక్కడికి తీసుకెళ్లాలనుకున్నారో, ముందు వాళ్లకు ఫోన్ చేయండి.