నెమలికి చివరి బస్సు ఎన్నింటికి?

"అవునండి." "లేదండి." "ప్రశ్న ఉత్పన్నం కాదు." "పరిశీలనలో ఉంది." వెలగపూడిలో శాసనసభ ప్రశ్నోత్తరాల కాగితాలు తిరగేస్తే ఈ నాలుగు మాటలే మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. జీరో అవర్‌లో అడిగితే ఇంకొకటి కలుస్తుంది: "నోట్ చేసుకున్నాం." గంపలగూడెం మండలం నెమలిలో, వేణుగోపాలస్వామి గుడి ఉన్న ఆ ఊళ్లో, బస్సు కోసం నిలబడిన మనిషికి ఈ అయిదు మాటల్లో ఏ ఒక్కటీ అక్కరకు రాదు. బస్సు ఎన్ని గంటలకు వస్తుంది, ఇవాళ రాకపోతే ఏ తేదీ నుంచి వస్తుంది అన్నదే ఆ మనిషి అడిగేది.

ఈ పత్రిక మాట సూటిగా చెబుతున్నాం. రవాణా మీద ఎమ్మెల్యే అడిగిన ప్రశ్నకు మంత్రి జవాబులో ఊరి పేరు, ట్రిప్పుల లెక్క, తేదీ ఉండి తీరాలి. రాష్ట్రం మొత్తం మీద ఎన్ని బస్సులు తిరుగుతున్నాయో చదివి కూర్చుంటే దాన్ని జవాబుగా సభ ఒప్పుకోకూడదు. అడిగిన సభ్యుడు అసలే ఒప్పుకోకూడదు.

మంత్రిని నిలదీసే హక్కు ఊరికే రాలేదు. 1892 చట్టం వచ్చేదాకా మన దేశంలో శాసనమండలి సభ్యుడికి ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగే వీలే లేదు. వచ్చిన జవాబు మీద మరో ప్రశ్న వేసే వీలు 1909 సంస్కరణలతో గానీ రాలేదు. నక్షత్ర గుర్తు ప్రశ్నకు ఇవాళ ఉన్న బలమంతా ఆ అనుబంధ ప్రశ్నలోనే ఉంది. మంత్రి లేచి నోటితో చెప్పాలి, చెప్పింది చాలకపోతే సభ్యుడు మళ్లీ లేవొచ్చు. ఆ రెండోసారి లేవడాన్నే మన సభ్యులు చాలామంది వదిలేస్తున్నారు. మొదటి జవాబుకు ధన్యవాదాలు చెప్పి, నియోజకవర్గానికి ఇంకో రెండు కోరికలు కలిపి కూర్చుంటున్నారు. అక్కడితో ప్రశ్న కాస్తా వినతిపత్రం అయిపోతోంది.

2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే అయిదు రకాల సర్వీసుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు, జీరో టికెట్ ఇస్తారు. 8,458 బస్సులు ఈ పథకం కింద తిరుగుతాయని ప్రభుత్వం ప్రకటించింది. ఇది మంచి పథకం. కూలికి పోయే మనిషి రానుపోను చార్జీ మిగుల్చుకుంటే అది ఆ ఇంటి కూరగాయల ఖర్చు. పథకాన్ని ఈ పత్రిక మనస్ఫూర్తిగా సమర్థిస్తోంది. అందుకే ఇంకాస్త గట్టిగా అడుగుతోంది: జీరో టికెట్ చేతికి రావాలంటే ముందు బస్సు ఊళ్లోకి రావాలి కదా? మెయిన్ రోడ్డు మీద ఆడవాళ్ల రద్దీ పెరిగిందని పల్లె ట్రిప్పు తీసుకెళ్లి అక్కడ వేస్తే, ఉచితం అందినవాళ్లూ బస్సు పోగొట్టుకున్నవాళ్లూ ఇద్దరూ ఆడవాళ్లే అవుతారు. కాబట్టి ఈ పథకం వచ్చాక డిపోల వారీగా ఏ పల్లెలకు ట్రిప్పులు పెరిగాయో, ఏ పల్లెలకు తగ్గాయో ఆ లెక్క సభ ముందుకు రావాలి.

నెమలి లాంటి సరిహద్దు ఊళ్లకు ఇంకో చిక్కుంది. రైలు ఎక్కాలంటే మధిర పోవాలి. మధిర తెలంగాణలో ఉంది. స్త్రీశక్తి అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఉన్న మహాలక్ష్మి పథకం ఆ రాష్ట్రంలో నివాసమున్న ఆడవాళ్లకే. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే, మన గంపలగూడెం మండలం ఆడమనిషి మధిర పోయి రావాలంటే మాత్రం ఏ రాష్ట్రం బస్సెక్కినా డబ్బు కట్టాల్సిందే. బంధుత్వాలు, బేరాలు, ఆస్పత్రులు, చదువులు గీతకు అటూ ఇటూ కలగలిసిన ప్రాంతమిది. 2014లో రాష్ట్రం రెండయింది గానీ ఇక్కడి జనం రాకపోకలు రెండు కాలేదు. 2020 నవంబరు 2న రెండు ఆర్టీసీలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ఆంధ్రప్రదేశ్ బస్సులు 638 తెలంగాణలో 1,60,999 కిలోమీటర్లు, తెలంగాణ బస్సులు 826 మన రాష్ట్రంలో 1,61,258 కిలోమీటర్లు తిరగాలి. కిలోమీటరుకు కిలోమీటరు సరితూచిన లెక్క అది. ఆ తూకంలో హైదరాబాద్–విజయవాడ దారికి దక్కిన పెద్దపీట సరిహద్దు పల్లెలకు దక్కలేదు. మధిర ఎమ్మెల్యే మల్లు భట్టి విక్రమార్క తెలంగాణ ఉప ముఖ్యమంత్రి. సరిహద్దు మండలాల ఆడవాళ్లకు అవతలి మొదటి పట్నం దాకా ఉచిత ప్రయాణాన్ని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలని ఇటువైపు మంత్రి అటువైపు మంత్రితో ఒక్కసారి కూర్చుని మాట్లాడితే తేలిపోయే పని ఇది. కూర్చున్నారా లేదా అన్నది సభలో అడగదగిన ప్రశ్న.

"ఆ సర్వీసుకు ఆక్యుపెన్సీ లేదు, అందుకే ఎత్తేశాం." డిపో మేనేజర్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే సమాధానమిది. బస్సుల కొరత, డ్రైవర్ల కొరత, పాత బండ్ల మరమ్మతులు వాళ్ల నెత్తిన ఉన్న మాట నిజమే. వాళ్ల కష్టం మాకు తెలుసు. కానీ 2020 జనవరి 1న ఆర్టీసీ సిబ్బందిని, 50 వేలకు పైగా మందిని, ప్రభుత్వంలో కలిపి ప్రజా రవాణా శాఖ ఏర్పాటు చేశారు. ఆ రోజు నుంచి సంస్థ నష్టం అన్న మాట చాటున మంత్రి నిలబడే వీలు పోయింది. పిల్లలు తక్కువగా ఉన్నారని అంగన్‌వాడీలో ఆ పూట అన్నం వండకుండా ఉండరు. వసూళ్లు లేవని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తాళం వేయరు. పొద్దున కాలేజీకి పిల్లల్ని తీసుకెళ్లి రాత్రికి ఊళ్లోనే నిలిచే నైట్‌హాల్ట్ బస్సు కూడా ఆ కోవలోదే. దాన్ని టికెట్ల డబ్బుతో కొలవడం మొదలుపెట్టిన రోజే పల్లె షేర్ ఆటోల పాలైంది. ఆటోవాళ్ల తప్పు ఇందులో లేదు. బస్సు రానిచోట ఊరి భారం మోస్తున్నది వాళ్లే. అయితే ఆరుగురి బండిలో పన్నెండుమందిని ఎక్కించుకుని, వెనక కమ్మీ మీద స్కూలు పిల్లల్ని నిలబెట్టి పోయే ఆ ప్రయాణాన్ని ప్రజా రవాణా అనలేం.

నెమలి ఉన్న తిరువూరు నియోజకవర్గంలోనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను దీపం లేకుండా చేసిందో రాష్ట్రమంతా ఎరుగును. తాగే నీటి మీదే అనుమానంతో కృష్ణా నీటి పథకం చేపట్టారు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది. ఇవ్వాల్సిందే. కానీ డయాలసిస్ అంటే ఏమిటో మంత్రులు ఒక్కసారి బస్టాండు వైపు నుంచి చూడాలి. వారానికి రెండుసార్లో మూడుసార్లో పోవాలి. పోయిన ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. లేచాక ఒళ్లు తూలుతుంది, బీపీ పడిపోతుంది, నోరు పిడచగట్టినా కడుపారా నీళ్లు తాగే వీల్లేదు. ఆ స్థితిలో, పక్కన ఒకరు పట్టుకుంటే తప్ప నిలబడలేని మనిషి, ఇంటికి బస్సుందో లేదో తెలియక రోడ్డు పక్కన కూలబడి చూస్తుంటాడు. ఆటో మాట్లాడుకుంటే పింఛను డబ్బు అక్కడే కరిగిపోతుంది. కాయకష్టం మీద బతుకుతూ ఈ జబ్బున పడ్డ మగవాళ్లకు స్త్రీశక్తి వర్తించదు. వాళ్లకు, తోడు వెళ్లే ఒకరికి టికెట్ లేకుండా చేయండి. డయాలసిస్ షిఫ్టు ముగిసే వేళకు ఆ దారిలో ఒక బస్సు ఉండేలా టైమింగులు మార్చండి. రెండో పనికి కొత్త బండి కూడా అక్కర్లేదు. ఆస్పత్రి సూపరింటెండెంటు, డిపో మేనేజరు ఒక బల్ల దగ్గర కూర్చుంటే చాలు.

కూర్చోరు. కూర్చోబెట్టే మంత్రి ఒకరు కాదు గనుక. బస్సు మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి శాఖది. పెద్ద రోడ్డు బి.సి. జనార్దన్ రెడ్డి శాఖది. ఊరి రోడ్డు పవన్ కల్యాణ్ చూసే పంచాయతీరాజ్‌ది. డయాలసిస్ మంచం సత్యకుమార్ యాదవ్ శాఖది. కట్టలేరు వాగునే తీసుకోండి. వానాకాలం పొంగిందంటే గంపలగూడెం నుంచి విజయవాడ పోయే దారి వినగడప దగ్గర తెగిపోవడం ఈ ప్రాంతానికి పాత అనుభవం. అక్కడ గట్టి వంతెన కోసం ఏళ్ల తరబడి అడిగారు. వాగు పొంగిన రోజు బస్సు రాకపోతే రవాణా శాఖ రోడ్డును చూపిస్తుంది, రోడ్ల శాఖ వాగును చూపిస్తుంది. 2024 అక్టోబరు 14న కంకిపాడులో పల్లె పండుగ మొదలుపెట్టి 4,500 కోట్ల రూపాయలతో 30 వేల పనులన్నారు. ఆ నవంబరులో గుంతలు లేని రోడ్ల కార్యక్రమం చేపట్టి సంక్రాంతికల్లా పూర్తన్నారు. రోడ్డు బాగుపడిన ఊరికి బస్సు వచ్చిందా లేదా అని మాత్రం ఏ శాఖా చూడదు. కాబట్టి రవాణా ప్రశ్న వచ్చిన రోజున ఆ ఊరికి సంబంధించిన మంత్రులంతా సభలో ఉండాలి, జవాబుకు ఒక మంత్రి బాధ్యుడు కావాలి.

దీనికి మన జిల్లాలోనే ఒక గొప్ప పూర్వోదాహరణ ఉంది. 1958లో, ఆర్టీసీ పుట్టిన ఏడాదే, పాత కృష్ణా జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోబోతే ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు ఎక్కారు. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తేల్చడం వినడమే కాదని ఆ నవంబరులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసినవారు మన కోకా సుబ్బారావు. అది బస్సు యజమానుల గోడు గురించిన తీర్పు. బస్సు ఎక్కేవాళ్ల గోడుకూ అదే న్యాయం వర్తింపజేయాలని మేం అడుగుతున్నాం. గ్రామసభలో వినేది కార్యదర్శి, ఫిర్యాదుల వేదికలో కాగితం తీసుకునేది గుమస్తా, సర్వీసు ఎత్తేసేది ఎక్కడో కూర్చున్న అధికారి అయితే ఆ వినికిడికి విలువేముంది? ఏ పల్లె సర్వీసునైనా ఎత్తేయాలనుకుంటే, ఆ నిర్ణయం చేసే అధికారే ముందు ఆ ఊరికి వచ్చి జనం మాట వినాలి.

ఇక అడిగేవాళ్ల సంగతి. 175 మంది సభలో అధికార కూటమి బలం 164. పదకొండుమంది ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకు దూరంగా ఉండటాన్ని ఎంచుకుంది. అది తప్పు. ఆ పదకొండుమందినీ జనం ప్రశ్నలు వేయడానికే పంపారు, దానికి హోదా అక్కర్లేదు. వాళ్లు లేని సభలో మంత్రులను నిలదీసే పని పాలకపక్షం సభ్యుల మీదే పడింది. మన మంత్రే కదా అని మొహమాటపడితే నియోజకవర్గానికి అన్యాయం చేసినట్టు. తిరువూరు ఎమ్మెల్యే కొలికపూడి శ్రీనివాసరావు అమరావతి ఉద్యమం నుంచి వచ్చిన మనిషి, గొంతెత్తి అడగడం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇదే సీటు నుంచి గెలిచిన కోనేరు రంగారావు భూముల మీద వేసిన కమిటీకి నాయకత్వం వహించి, ఊళ్లు తిరిగి విని, సిఫారసులు రాసి ప్రభుత్వం ముందు పెట్టారు. కొలికపూడి కూడా నియోజకవర్గంలోని నాలుగు మండలాలు తిరిగి, ఏ ఊరికి ఏ బస్సు ఎప్పుడాగిందో రాసుకుని సభకు వెళితే ఆ పరంపర నిలబడుతుంది. మంత్రి సభలో ఇచ్చిన మాటలను వెంటాడటానికి హామీల కమిటీ ఉండనే ఉంది. దాని పని ఎలా సాగుతోందో పల్లెల్లో ఎవరికీ తెలియదు. మంత్రి ఇచ్చిన జవాబును, అందులోని తేదీతో సహా, ఆ ఊరి సచివాలయం గోడకు అంటించాలి. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపిస్తారు.

వచ్చే సమావేశాలకు ఆ ప్రశ్నను సభ భాషలోనే రాసి పెడుతున్నాం. సంతకం చేయాల్సింది సభ్యుడు:

రవాణా శాఖ మంత్రివర్యులు ఈ క్రింది విషయములు దయచేసి తెలియజేయుదురా:

(అ) తిరువూరు డిపో నుండి గంపలగూడెం మండలం నెమలికి 2019లో రోజుకు ఎన్ని ట్రిప్పులు నడిచినవి, ఈ రోజున ఎన్ని నడుచుచున్నవి;

(ఆ) ఉదయం మొదటి బస్సు, రాత్రి చివరి బస్సు ఏయే గంటలకు బయలుదేరుచున్నవి;

(ఇ) నెమలి, ఎ.కొండూరు ప్రాంతముల డయాలసిస్ రోగుల వేళలకు అనుగుణముగా సర్వీసులను సవరించు ప్రతిపాదన ఉన్నదా;

(ఈ) ఉన్నచో, ఏ తేదీ నుండి?