చింతపిక్కల చదరము

పూర్ణాంకములను, భిన్నములను, వర్గసంఖ్యలను వల్లె వేయించుటయే గాని వాని స్వరూపమును కంటికి చూపకుండుట మన గణితబోధయందలి పెద్దలోపమని నా నిశ్చితాభిప్రాయము. ఒక చింతపిక్కకు మూలమట్టముగా 3 చేర్చిన 4, దానికి 5 చేర్చిన 9, ఆపై 7 చేర్చిన 16 అగుచు, బేసిసంఖ్యలు కూడినకొలదియు చదరము చెదరక పెరుగుటను తన వ్రేళ్లతో కనుగొన్న బాలుడు వర్గమననేమో యెన్నడును మఱవడు. అరను అరతో హెచ్చించిన పావునకు తగ్గుట పిల్లలకు మిక్కిలి విడ్డూరము. కాగితమును నిలువునను అడ్డమునను మడిచి విప్పినచో, అర పొడవును అర వెడల్పును గల గడి నాలుగింట నొకటియే యని తెల్లమగును. గణితమును ఇట్లు అందఱికిని చేరువ చేయుట మనకు క్రొత్తగాదు; 9వ శతాబ్దపు మహావీరాచార్యుని గణితమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చిన భాష మనది. ఉపాధ్యాయులారా, రేపటి పాఠమునకు సుద్దముక్కతోబాటు గుప్పెడు చింతపిక్కలను గూడ తీసికొని పొండు.