మన కాఫీ మన సంచిలోనే ఉండాలి



సఫర్‌కి బయల్దేరేటప్పుడు నా బ్యాగులో స్టీలు ఫిల్టర్ చూసి దోస్తులు నవ్వుతారు. "హోటల్లో కాఫీ దొరకదా మియా? ఎందుకీ నఖరాలు?" అంటారు. నఖరాలు కాదు. దీని వెనక ఒక షర్మిందగీ ఉంది. ముందు అది చెప్తాను.

కొన్నేళ్ల కింద రంజాన్ నెలలో రిపోర్టింగ్ పని మీద విశాఖపట్నం వెళ్లాను. ముసాఫిర్‌కి రోజా వదిలేసి తర్వాత కజా చేసుకునే రుఖ్సత్ ఉంది. కానీ నా దిల్ ఒప్పుకోలేదు. తెల్లవారుజామున మూడున్నరకి లేచాను. గదిలో కెటిల్, పక్కన రెండు కాఫీ ప్యాకెట్లు, పాలపొడి ఉన్నాయి. కలిపి తాగితే తీపి వేడినీళ్లలా ఉంది. కిందికి దిగాను. రిసెప్షన్ సోఫాలో ఒక కుర్రాడు నిద్రపోతున్నాడు. లేపాను. "కిచెన్ ఆరింటికి సార్" అన్నాడు. నేను గొంతు పెంచాను. రోజాదార్‌కి ఒక కప్పు కాఫీ ఇచ్చే ఇంతెజామ్ కూడా లేదా అని దబాయించాను. పాపం, తాళాలు వెతికి, స్టవ్ వెలిగించి కాఫీ తెచ్చాడు. నేను హాయిగా తాగాను.

ఫజ్ర్‌కి మస్జిద్ వెళ్తే నా సఫ్‌లోనే ఆ కుర్రాడు. నమాజ్ అయ్యాక "సహరీ చేశావా బేటా?" అని అడిగాను. "టైమ్ అయిపోయింది సాబ్. నీళ్లు తాగి నియ్యత్ చేసుకున్నా" అన్నాడు.

అతని సహరీ టైమ్‌ని నేను కాఫీ చేసుకుని తాగేశాను. ఆ రోజు ఇఫ్తార్‌లో ఖజూర్ గొంతు దిగలేదు.

"డబ్బు కట్టాం కదా" అనేవాళ్లున్నారు. నిజమే, కట్టాం. గదికి కట్టాం, ఒక మనిషి నిద్రకి కాదు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి సహరీ ఇంతెజామ్ చూడటం హోటల్ మాలిక్ జిమ్మేదారీ. అది వాళ్లు చేయకపోతే నిలదీద్దాం. కానీ మన చేతిలో ఉన్న పనికి ఇంకొకరి మీద మొహతాజ్ కావడం ఎందుకు?

పెద్ద కష్టమేమీ లేదు. చిన్న ఫిల్టర్, గాలి దూరని డబ్బాలో వంద గ్రాముల తాజా కాఫీ పొడి, ఒక చెంచా, రెండు స్టీలు గ్లాసులు. అంతే సామాన్. కెటిల్లో మొదటిసారి కాచిన నీళ్లు పారబోయండి. రెండోసారి తాగే నీళ్లు పోసి కాచండి. ఉప్పునీళ్లయితే కాఫీ రుచి చచ్చిపోతుంది. ఫిల్టర్ పైగిన్నెలో మూడు చెంచాల పొడి వేసి మెల్లగా అదమండి, గట్టిగా కాదు. కెటిల్ ఆగాక అర నిమిషం ఆగి నీళ్లు పోసి మూత పెట్టండి. ఇక వుజూ చేసుకుని రెండు రకాతులు తహజ్జుద్ చదువుకోండి. సలాం తిప్పేసరికి డికాషన్ కిందికి దిగి ఉంటుంది. మళ్లీ కాచిన నీళ్లలో పాలపొడి కలిపి, అందులో డికాషన్ పోసుకోండి. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో ఫాయిదా, చక్కెర ఎంతో మన చేతిలోనే ఉంటుంది.

ఒక్క మాట. కెటిల్లో పాలు కాచకండి, గుడ్లు ఉడికించకండి, నూడుల్స్ వండకండి. పాలు అడుగంటితే ఆ కెటిల్ పాడైనట్టే. మన తర్వాత వచ్చే ముసాఫిర్‌కి అది అమానత్.

అసలు కాఫీకీ మన రాత్రి ఇబాదత్‌కీ పాత రిష్తా ఉంది. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు జిక్ర్ మధ్యలో నిద్ర రాకుండా కహ్వా తాగేవారు. 1511లో మక్కాలో దాని మీద పాబందీ పెట్టారు కానీ నిలవలేదు. హజ్ నుంచి తిరిగొస్తూ బాబా బుడన్ మోఖా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని రివాయత్. 2019లో జీఐ గుర్తింపు పొందిన కాఫీల్లో ఆ బాబాబుడన్‌గిరి కాఫీ ఉంది, మన అరకు కాఫీ కూడా ఉంది. బాబా కూడా తన కాఫీ తన దగ్గరే పెట్టుకుని సఫర్ చేశారన్నమాట!

ఈసారి సామాన్ సర్దేటప్పుడు ఫిల్టర్ పెట్టుకోండి. గ్లాసులు రెండు అన్నాను, ఒకటి కాదు. కింద సోఫాలో ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. రెండోది వాళ్లకి.