మెడలోని గడ్డ – కుటుంబానికి చెప్పవలసిన మాట

మెడ ముందు భాగాన గడ్డ కనిపిస్తే మన ఇళ్ళలో కొందరు బెంబేలెత్తుతారు, మరికొందరు ఓణీ చాటున దాచుకుంటారు. ఆడపిల్ల అయితే దాపరికం మరింత ఎక్కువ. సంబంధాలు తప్పిపోతాయన్న భయమే దీనికి కారణం. ఈ దాపరికం ఎంత నష్టం తెస్తుందో ఈ నెల వివరించదలిచాము.

థైరాయిడ్ గడ్డలలో అత్యధికం కాన్సరు కావు. విశాఖ మన్యంలో అయోడిన్ లోపం వల్ల గొంతువాపు రావడం పెద్దలు ఎరిగినదే. అయినా గడ్డను చూచి స్వభావం చెప్పలేము. అల్ట్రాసౌండ్, అవసరమైతే సన్నని సూదితో కణాలు తీసి చేసే పరీక్ష తేల్చాలి.

ఈ గ్రంథిలో 'సి' కణాలనేవి కొద్దిపాటిగా ఉంటాయి. అవి కాల్సిటోనిన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. అది 32 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఆ కణాలు మితిమీరి పెరిగినా, ఆ పెరుగుదల మెడుల్లరీ అనే అరుదైన కాన్సరుగా మారినా, రక్తంలో కాల్సిటోనిన్ హెచ్చుతుంది. అయితే మూత్రపిండాల వ్యాధిలోను, కొన్ని కడుపుమంట మాత్రల వల్లను కూడా అది కొంత పెరగవచ్చు. కనుక కాగితంపై అంకె చూచి ఎవరికి వారే తీర్పు చెప్పుకోరాదు.

థైరోగ్లోబ్యులిన్ పరీక్ష వేరు. అది మామూలు గొంతువాపులోనూ పెరుగుతుంది గనుక కాన్సరును కనిపెట్టడానికి పనికిరాదు. సాధారణ రకాల థైరాయిడ్ కాన్సరుకు గ్రంథిని తొలగించిన తరువాత, వ్యాధి తిరగబెట్టిందేమో గమనించడానికే అది ఎక్కువగా ఉపకరిస్తుంది.

అసలు విషయం ఇక్కడ ఉన్నది. మెడుల్లరీ కాన్సరులో సుమారు నాలుగవ వంతు వంశపారంపర్యం. 'రెట్' అనే జన్యువులోని లోపం దీనికి మూలమని 1993లో తేలింది. తల్లిదండ్రులలో ఒకరికి ఆ లోపముంటే ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. రక్తపరీక్షతో ముందే గుర్తించి, కాన్సరు పుట్టకమునుపే గ్రంథిని తొలగించే వీలున్నది. తండ్రి తన రోగం పేరు చెప్పకపోతే బిడ్డకు ఆ వీలు దక్కదు. ఈ సమాచారం మన వద్దనున్న అమానత్. తోబుట్టువులకు, సంతానానికి దానిని అందజేయవలసిందే.

అనకాపల్లి నుండి విశాఖ వెళ్ళే దారిలోనే, అగనంపూడిలో, టాటా మెమోరియల్ సంస్థకు చెందిన హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నది. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. తవక్కుల్ అంటే చికిత్స మానుకోవడం కాదు. చేయవలసినది చేసి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడం. గడ్డ కనిపించిన వారం లోపే వైద్యుని వద్దకు వెళ్ళండి. ఇంట్లో ఎవరికి ఏ రకం కాన్సరు వచ్చిందో వ్రాసి భద్రపరచండి. అల్లాహ్ మన కుటుంబాలన్నిటికీ ఆరోగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.