మూడు కాళ్ల కుందేలు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పట్టుబట్టేవారు అన్ని రంగాల్లోనూ ఉంటారు. తుపాకుల ముచ్చట్లాడుకొనేవారిలో మాత్రం మరో రకం మనిషి కనబడడం అరుదు. నలుగురు చేరితే నాలుగు రైఫిళ్లు, ఎవరి రైఫిలు వారికి రామబాణం. కొన్నేళ్లుగా ఆ వాదాలు వింటూ, కొన్నాళ్లు వాటిలో నేనూ గొంతు కలిపి, చివరికి ఒక అభిప్రాయానికి వచ్చాను. కుందేలువంటి చిన్నప్రాణిని కొట్టడానికి ఏ తుపాకి మంచిదన్నది రెండో ప్రశ్న. చేతిలో ఉన్న తుపాకి ఈ రోజున, ఈ దూరాన, సరిగ్గా ఎక్కడ కొడుతుందో తెలుసునా అన్నది మొదటి ప్రశ్న. మొదటిదానికి జవాబు లేనివాడు రెండోదాని గురించి వాదించి ప్రయోజనం లేదు. నా దగ్గర ఆ జవాబు లేని ఒక సాయంత్రం ఏం జరిగిందో కూడా దాచకుండా చెబుతాను.

ముందుగా ఒక మాట. మన కుందేలు, అదే చెవులపిల్లి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువు. దాన్ని వేటాడడం నేరం. ఈ టపాలోని ఏ వాక్యమూ దానికి వర్తించదు. నేనుండే ఆస్ట్రేలియాలో సంగతి తలకిందులు. తెలుగులో రెండింటికీ మాట ఒకటే అయినా ప్రాణులు వేరు. మనది నేలమీద పొదచాటున పడుకొనేది; ఇక్కడిది ఐరోపా జాతి, బొరియలు తవ్వుకొని గుంపులుగా కాపురముండేది. 1859 డిసెంబరులో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేటసరదా కోసం ఇంగ్లండునుంచి 24 కుందేళ్లను విక్టోరియా రాష్ట్రంలో వించెల్సీ దగ్గరి తన బార్వన్ పార్కు ఎస్టేటుకు తెప్పించుకొన్నాడు. ఖండమంతా వ్యాపించిన కుందేళ్లలో అధికభాగం ఆ సంతతివేనని 2022లో వెలువడిన జన్యుపరిశోధన తేల్చింది.

ఆ సరదాకు ఈ దేశం ఇప్పటికీ వడ్డీ కడుతూనే ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901లో మొదలుపెట్టి 1907లో పూర్తిచేసిన మొదటి కంచె పొడవు 1,833 కిలోమీటర్లు. అది పూర్తయ్యేలోపే కుందేళ్లు అవతలికి దాటిపోయాయి. 1950లో మిక్సోమా వైరస్‌ను వదిలారు. కోట్లలో చచ్చాయి, మిగిలినవి క్రమంగా రోగాన్ని తట్టుకోవడం నేర్చాయి. 1995లో వార్డాంగ్ దీవిలో ప్రయోగాలు జరుగుతుండగానే కాలిసీవైరస్ తప్పించుకొని ప్రధానభూమికి పాకింది. మళ్లీ అదే కథ. మొలకెత్తిన ప్రతి చెట్టునూ మొదట్లోనే కొరికేసి, నేలను బోడిచేసి, గట్లను గుల్లచేసే ఈ ప్రాణిని అరికట్టే బాధ్యతను విక్టోరియాలో 1994 నాటి చట్టం భూయజమాని మీదనే పెట్టింది.

ఇందులో తుపాకి పాత్ర ఎంత? చాలా చిన్నది. బొరియలను యంత్రాలతో లోతుగా దున్ని పూడ్చడం, విషపు ఎరలు, వైరస్‌లు, కంచెలు - అసలు పని వీటిదే. అవన్నీ అయ్యాక మిగిలిన నాలుగింటిని ఏరడానికి మాత్రమే తుపాకి. రాత్రికి పది కుందేళ్లను కొట్టి దేశాన్ని ఉద్ధరించానని చెప్పుకొనేవాడు తన్ను తాను మోసపుచ్చుకొంటున్నాడు; ఆ పదింటి లోటును వసంతకాలంలో ఒక్క బొరియ పూడుస్తుంది. సంఖ్యలో మనం చేయగలిగింది ఇంత స్వల్పమైనప్పుడు, చక్కగా చేయగలిగిందొక్కటే మిగులుతుంది: కొట్టినదానికి నొప్పి తెలిసేలోపు ప్రాణం పోవాలి. తుపాకి ఎంపికైనా, దాని పోషణైనా ఈ ఒక్క సూత్రానికి కట్టుబడి ఉండాలన్నదే నా వాదన.

ఎంపికలో కొంతభాగం చట్టమే తేల్చిపెట్టింది. 1996 ఏప్రిల్‌లో టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్ వద్ద ఒక దుండగుడు 35 మందిని కాల్చి చంపిన తరువాత ఈ దేశం తుపాకుల చట్టాలను తిరగరాసింది. మీట నొక్కుతూ పోతే వరుసగా పేలే రైఫిళ్లు సామాన్యుడికి అందకుండా పోయాయి. కాబట్టి తలుపు గడియ తీసి వేసినట్లు ఒక్కో తూటాకూ బోల్టు లాగి తోయవలసిన రైఫిలే చాలామందికి గతి. దీన్ని నేను లోటుగా భావించను. రెండో తూటా తేలికగా దొరకదని తెలిసినవాడు మొదటి తూటాను జాగ్రత్తగా వాడతాడు.

ఇక పరిమాణం. ఎన్.సి.సి.లో చేరినవారికి పాయింట్ టూటూ రైఫిలు పరిచయమే. 1887లో పుట్టిన ఆ .22 లాంగ్ రైఫిల్ తూటాయే ఈనాటికీ కుందేలు వేటకు ప్రధానం. గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. శబ్దవేగం కన్నా కాస్త తక్కువగా, సెకనుకు 320 మీటర్ల వేగంతో వెళ్లే రకం తీసుకొంటే మోత తక్కువ, మాంసం చెడదు, ఖర్చూ తక్కువే. లోపమల్లా అది త్వరగా కిందికి వాలిపోవడం. 50 మీటర్లకు గురి సరిచేసిన రైఫిలు 75 మీటర్ల వద్ద బెత్తెడు కిందికి కొడుతుంది. 100 మీటర్ల వద్ద జానెడుకు పైనే. కుందేలు తలలో తక్షణమే ప్రాణం తీసే చోటు పాత రూపాయి బిళ్ల కన్నా పెద్దది కాదు. బిళ్లకు బెత్తెడు తేడా వచ్చిందంటే అది వేట కాదు, హింస.

2002లో వచ్చిన .17 హెచ్.ఎం.ఆర్. తూటా ఈ లోపాన్ని చాలామటుకు తీర్చింది. గుండు 17 గ్రెయిన్లే, వేగం మాత్రం సెకనుకు దాదాపు 775 మీటర్లు. నూరు మీటర్ల దాకా దాదాపు గీత గీసినట్లు వెళుతుంది. మోత ఎక్కువ, తూటా వెల ఎక్కువ, దెబ్బ తగిలినచోట మాంసం ఛిద్రమవుతుంది. తినడానికి కాక పైరు కాపాడడానికి, విశాలమైన బయలులో కొట్టేవారికి అది సరైనదే. అంతకన్నా పెద్ద రైఫిళ్లతో కుందేలును కొట్టడం నా దృష్టిలో పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే. నా ఓటు .22కే, కారణం దాని శక్తి కాదు, దాని పరిమితి. యాభై అరవై మీటర్లలోపలికి ఓపికగా పాకి వెళ్లమని అది మనిషిని బలవంతపెడుతుంది.

కొనేటప్పుడు పేరును చూడకుండా, మడమ భుజానికి ఆనించి, కళ్లు మూసి, మళ్లీ తెరిచి చూడాలి. కన్ను తనంతట తానే స్కోపు మధ్యకు వచ్చి నిలిస్తే ఆ రైఫిలు మన ఒంటికి సరిపోయినట్లు. మెడ సాచవలసివస్తే ఎంత ఖరీదైనదైనా మనది కాదు. మీట తేలికగా, ఎక్కడా తట్టుకోకుండా, ప్రతిసారీ ఒకే చోట తెగాలి. రైఫిలుమీద పొదుపు చేసినా స్కోపుమీద, దాన్ని రైఫిలుకు బిగించే ఉంగరాలమీద పొదుపు చేయకూడదు. వేలరూపాయల స్కోపును నాసిరకపు ఉంగరాల్లో బిగించడం ఇసుకమీద స్తంభం నాటడమే.

తూటాల విషయంలో ఒక వింత ఉంది. ఒకే కంపెనీ ఒకే నమూనాలో చేసిన రెండు రైఫిళ్లకు కూడా ఒకే తూటా నచ్చకపోవచ్చు. నాలుగైదు రకాల పెట్టెలు కొని, ఇసుకమూట మీద రైఫిలు ఆనించి, 50 మీటర్ల దూరంలోని కాగితంమీద రకానికి అయిదేసి చొప్పున కాల్చి చూడడం ఒక్కటే మార్గం. అయిదు రంధ్రాలూ ఆ రూపాయి బిళ్ల కింద దాగాలి. ఏ రకం దాగితే ఆ రకమే వాడాలి, ఎవరెంత మెచ్చుకొన్నా మరొకటి ముట్టుకోకూడదు.

ఇదంతా నేను శ్రద్ధగా చేశాను. అయిదు రంధ్రాలూ దాగాయి. ఆ కాగితాన్ని దాచుకొన్నాను కూడా. తరువాత రెండు నెలలు రైఫిలు పెట్టెలో ఉంది. ఒక శరత్కాలపు సాయంత్రం, నాకు అనుమతి ఇచ్చిన రైతు పొలానికి మట్టిబాటన బండిలో వెళ్లాను. గతుకుల్లో పెట్టె ఒకసారి బోల్తాపడింది, సరిచేసి పెట్టాను. అంతే. మళ్లీ కాగితంమీద కాల్చి చూసుకోవాలన్న ఆలోచన రాలేదు. వచ్చిందని చెప్పడమే నిజం. వెలుతురు పోతోందని దాన్ని పక్కకు నెట్టాను.

అరవై మీటర్లలో ఒక కుందేలు, గట్టు వెనుక, కదలకుండా. పడుకొని, ఊపిరి బిగబట్టి, తలకు గురిపెట్టి మీట నొక్కాను. కుందేలు ఎగిరిపడింది. లేచి, ఒక వెనుకకాలు ఈడ్చుకొంటూ, మిగిలిన మూడు కాళ్లమీద బొరియలో దూరింది. రెండో తూటా ఎక్కించేసరికి గట్టుమీద ఏమీ లేదు. లోపలినుంచి కాసేపు శబ్దం వినబడింది. కుందేలు అరవగలదని నాకు ఆ రోజే తెలిసింది.

రైతు ఏమీ అనలేదు. కొట్టంనుంచి ఒక అట్టపెట్టె తెచ్చి, 50 మీటర్ల దూరంలో పెట్టి, కాల్చమన్నాడు. అయిదు రంధ్రాలు ఎప్పటిలాగే బిళ్లంత చోటులో పడ్డాయి, గురికి ఏడు సెంటీమీటర్లు కుడివైపు కిందికి. "నీ తుపాకి అబద్ధం చెప్పలేదు, నువ్వే దాన్ని అడగలేదు," అన్నాడాయన. మర్నాడు పొద్దున్నే పార పట్టుకొని వెళ్లాను. ఆ బొరియకు ఎన్ని దారులో! మధ్యాహ్నందాకా తవ్వినా దొరకలేదు. సామెతలోని మూడుకాళ్ల కుందేలు మొండివాదానికి గుర్తు. నా కుందేలు నా బద్ధకానికి.

అప్పటినుంచి నాకు పోషణ అంటే మెరుగుపెట్టడం కాదు. ప్రతి వేటకూ ముందు, ఆ పొలంలోనే, కాగితంమీద మూడు తూటాలు. అవి సరిగా పడకపోతే ఆ రోజు వేట లేదు. స్కోపు మరలమీద సన్నని రంగుగీత గీసి ఉంచాను. గీత పక్కకు జరిగితే మర వదులైనట్లు. ఇంటికి రాగానే తేమ తుడిచి, పైలోహానికి పలుచగా నూనె పట్టించాలి. చేతి చెమటా, మంచూ ఒక్క రాత్రిలో తుప్పు తెస్తాయి. మెత్తని పెట్టెలో పెట్టి మరిచిపోకూడదు, ఆ మెత్త తేమను పట్టి ఉంచుతుంది. బోల్టులో నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి బంకలా మారుతుంది.

గొట్టం లోపలిని మాత్రం అదేపనిగా తోమకూడదు. .22 గుండుమీది మైనపు పూత గాడుల్లో పలుచగా పట్టి ఉన్నప్పుడే రైఫిలు నిలకడగా కొడుతుంది. గురి చెదరడం మొదలైనప్పుడే శుభ్రం చేయాలి, అదీ వెనుకనుంచి. మూతినుంచి కడ్డీ దూర్చితే మూతి అంచు అరిగి గుండు దారి తప్పుతుంది. శుభ్రం చేశాక మొదటి కొన్ని తూటాలు అటూఇటూ పోతాయి, వాటిని కాగితానికి అర్పించాలి తప్ప కుందేలుకు కాదు.

తూటా గమ్యం కుందేలుతో ముగియదన్నది మరో సంగతి. .22 గుండు మైలుదూరం పైగా పోగలదు, రాతిమీదా నీటిమీదా తగిలి దిశ మార్చుకోగలదు. వెనుక మట్టిగట్టు లేకుండా, ఆకాశం వెనుకగా నిలిచిన కుందేలుమీద తుపాకి ఎత్తకూడదు. రాత్రి దీపపు వెలుగులో మెరిసే రెండు కళ్లు గొర్రెపిల్లవి కావచ్చు, కుక్కవి కావచ్చు. ఒళ్లంతా కనబడేదాకా వేలు మీటమీదికి పోకూడదు. ఇంట్లో రైఫిలు ఒక తాళంలో, తూటాలు మరో తాళంలో. ఇది చట్టం అడిగేదే, అడగకపోయినా చేయవలసిందే.

"చీడకు ఇంత మర్యాద ఎందుకు?" అని నన్ను అడిగినవారున్నారు. నాకు భయం కలిగించేది ఆ మాటే. ఒక ప్రాణికి చీడ అని పేరు పెట్టగానే మన చెయ్యి సడలుతుంది, గురి సడలుతుంది, లెక్క సడలుతుంది. మన పల్లెల్లో అడవిపందుల బెడద నాకు తెలియనిది కాదు. ఒక్క రాత్రిలో వేరుశనగ చేను పోగొట్టుకొన్న రైతు కడుపుమంటను తప్పుపట్టను. కానీ ఆ బెడద అన్న మాట చాటున చీకట్లో కట్టిన కరెంటు తీగ పందినే చంపుతుందన్న నమ్మకం లేదు. గొడ్డు పోతుంది, నీరు పెట్టడానికి వచ్చిన పక్కపొలం మనిషి పోతాడు, ఒక్కోసారి తీగ కట్టినవాడే పోతాడు. దేన్ని కొడుతుందో తెలియని తీగ, ఎక్కడ కొడుతుందో చూసుకోని నా రైఫిలు, రెండూ ఒకే తప్పునుంచి పుట్టినవి.

చంపక తప్పనిచోట చంపడాన్ని నేను సమర్థిస్తాను. నిర్లక్ష్యంగా చంపడాన్ని ఏ పేరు పెట్టినా సమర్థించలేను. తుపాకి పట్టనివారికీ, అసలు పట్టనే కూడదనేవారికీ ఇందులో అభ్యంతరాలుంటాయని తెలుసు. చెప్పండి, వింటాను. నేను కొట్టిన కుందేలుకు మాత్రం మూడే కాళ్లు. దాని విషయంలో నాతో ఎవరూ వాదించనక్కరలేదు.