బట్టలు ఆరకపోతే హీటరు మార్చాల్సిందేనా?

హైదరాబాద్ కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో ఓ ఫ్లాటు. జులై ముసురు. వారం రోజులుగా ఎండ మొహం చూసింది లేదు. ఇంట్లో మూడు నెలల పసివాడు. రోజుకు పాతిక గుడ్డలైనా తడుస్తాయి. ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే వాషింగ్ మెషీను ఉందిలే అన్నది ఆ ఇంటి కోడలి ధీమా. ఓ సోమవారం పొద్దున ఆ ధీమా కాస్తా నీరుగారిపోయింది. రెండు గంటలు గిర్రున తిరిగిన మెషీను తలుపు తీస్తే బట్టలు చల్లగా, చెమ్మచెమ్మగా చేతికొచ్చాయి.

తెలిసిన మెకానిక్‌కి ఫోను చేస్తే, చూడకుండానే తేల్చేశాడు. 'బోర్డు పోయుంటుంది మేడమ్, లేదంటే హీటరు. ఎనిమిది వేలు దగ్గర పెట్టుకోండి!'

'కాస్త ఆగమ్మా' అన్నారు మావయ్యగారు. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు. 'నాడి కూడా చూడకుండా సూది వేయించేస్తామా?'

ఒక మెషీను... రెండు హీటర్లు

వేడి రావడం లేదనగానే చాలామంది 'హీటరు పోయింది' అనేస్తారు. ఏ హీటరు? ఇలాంటి మెషీన్లలో మామూలుగా రెండుంటాయి. తొట్టి అడుగున ఉండేది ఉతికే నీళ్లను కాచేది. పైన గాలిగొట్టంలో ఉండేది ఆరబెట్టే గాలిని వేడిచేసేది. దేని పని దానిదే. ఒకటి మానేసినా రెండోది నడుస్తూనే ఉంటుంది.

అందుకే మాస్టారు ముందు ఉతుకు సంగతి చూశారు. 60 డిగ్రీల దగ్గర పెట్టి నడిపించారు. 12 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 2000 వాట్ల హీటరుకి దాదాపు పావుగంట పడుతుంది. అరగంట పోయాక తలుపు అద్దం మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అంటే నీళ్ల హీటరు నిక్షేపంలా ఉంది. బోర్డు కూడా పూర్తిగా చచ్చిపోలేదన్నమాట. ఇక అనుమానమంతా పైనున్న గాలి హీటరు మీదే!

మీటరు సాక్ష్యం

దాన్ని మెషీను విప్పకుండా పట్టుకోవడం ఎలా? మాస్టారు ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపించి, మెషీనొక్కటే ఆరబెట్టే ప్రోగ్రాంలో పెట్టించారు. మనవడి బారసాలకొచ్చిన వాచీ పెట్టుకుని కిందికెళ్లి కరెంటు మీటరు ముందు నిలబడ్డారు.

ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్రలైటు ఆరి వెలుగుతుంటుంది కదా. ఎన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్టో ఆ పక్కనే రాసి ఉంటుంది. వాళ్ల మీటరు మీద ఉన్నది 3200. మెషీనులో మోటారు, ఫ్యాను మాత్రమే తిరుగుతూ 300 వాట్లు లాగితే ఆ లైటు నిమిషానికి 16 సార్లు వెలుగుతుంది. దానికి 1300 వాట్ల గాలి హీటరు తోడైతే 85 సార్లు వెలగాలి. హీటరు మధ్యమధ్యలో ఆగి మళ్లీ అందుకుంటుంది కాబట్టి ఒక్క నిమిషంతో సరిపెట్టకుండా మాస్టారు పావుగంట చూశారు. ఎప్పుడు లెక్కపెట్టినా పదిహేను, పదహారే! హీటరుకి కరెంటే చేరడం లేదు.

ఈలోగా కోడలు మిగతావి సరిచూసింది. కుళాయి తెరిచే ఉంది. అదెందుకంటారా? చాలా మెషీన్లలో బట్టల్లోంచి లేచే ఆవిరిని చన్నీళ్లతో చల్లబరిచి నీరుగా మార్చి బయటికి పంపిస్తారు. కుళాయి కట్టేస్తే ఆవిరి లోపలే తిరిగి బట్టలు తడిగానే ఉండిపోతాయి. బట్టలు కూడా ఎక్కువేం వేయలేదు. 8 కిలోలు ఉతికే మెషీను ఒక్కసారికి ఆరబెట్టేది 5 కిలోలో, ఇంకా తక్కువో. ఉతికినవన్నీ అలాగే ఆరబెట్టేస్తానంటే కుదరదు. ఆ లెక్క మెషీనుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పిండడంలోనూ తేడా లేదు. నీళ్లు ఓడుతున్న బట్టలైతే హీటరు బాగున్నా ఆరవు.

ఇంతవరకూ ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడి నుంచి మాత్రం మెకానిక్ పని. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలవుంటుంది. ఆ సంగతి తెలిసిన మాస్టారు స్క్రూడ్రైవరు జోలికి పోలేదు.

కంబళిలా నూగు

మర్నాడు మెకానిక్ వచ్చాడు. ప్లగ్గు పీకి, పైమూత విప్పి, గాలి హీటరుకి మల్టీమీటరు పెట్టాడు. 41 ఓంలు చూపించింది. 230 వోల్టుల మీద 1300 వాట్ల హీటరుకి ఉండాల్సింది దాదాపు అంతే. తీగ తెగి ఉంటే మీటరు కదిలేదే కాదు. హీటరు బతికే ఉంది!

మరి తెగిందేమిటి? దాని పక్కనే ఉండే కటౌట్. వేడి హద్దు దాటితే కరెంటు ఆపేసే చిన్న బిళ్ల అది. గాలిగొట్టం విప్పి చూస్తే అసలు దొంగ దొరికాడు. మెత్తటి కంబళి పరిచినట్టు లోపలంతా బట్టల నూగు. పసివాడు పుట్టినప్పుడు వచ్చిన కొత్త తువ్వాళ్లు, ఫ్లానెల్ గుడ్డలు మూడు నెలలుగా రోజూ అందులోనే ఆరుతున్నాయి. కొత్త తువ్వాళ్లు ఎంత నూగు రాలుస్తాయో తెలిసిందే. నూగు అడ్డుపడి గాలి ఆడలేదు. గాలి లేక హీటరు మితిమీరి కాలింది. కటౌట్ దాని పని అది చేసింది.

అప్పుడు మెకానిక్ అన్న మాటే ఈ కథలో అసలు ప్రమాదం. 'సార్, ఈ కటౌట్ తీసేసి వైరు డైరెక్టుగా కలిపేస్తాను. ఇంక జన్మలో ఈ బాధ ఉండదు.'

మాస్టారు ససేమిరా అన్నారు. 'బాధ ఉండదు బాబూ, ఇల్లూ ఉండదు. దొంగొచ్చాడని కుక్క మొరిగితే కుక్కని తరిమేస్తామా?'

ఆయనది చాదస్తం కాదు. బ్రిటన్‌లో 2004 నుంచి 2015 దాకా తయారైన కొన్ని రకాల బట్టలారబెట్టే మెషీన్లలో నూగు హీటరుకి తగిలి వందల ఇళ్లలో మంటలు లేచాయి. చివరికి 2019లో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎండిన నూగుకి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

మెకానిక్ నూగంతా తీసి, ఫ్యాను తుడిచి, కటౌట్ మీదున్న బొత్తాం నొక్కాడు. కొన్ని మోడళ్లలో ఇలా నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. బొత్తాం లేని రకమైతే అదే కొలతది కొత్తది వేయాలి. మాస్టారు మళ్లీ మీటరు దగ్గరికెళ్లారు. ఎర్రలైటు నిమిషానికి 80 దాటి పరుగులు తీస్తోంది! కొత్త బోర్డు లేదు, కొత్త హీటరు లేదు. మెకానిక్ కూలితో సరిపోయింది.

నీళ్లే వేడెక్కకపోతే?

కొన్ని ఇళ్లలో ఇది తిరగబడుతుంది. గాలి వేడిగానే వస్తుంది, నీళ్లు కాగవు. ముందు 'కోల్డ్'లో గానీ, తొందరగా ముగిసే ప్రోగ్రాంలో గానీ పెట్టారేమో చూసుకోవాలి. వోల్టేజీ కూడా చూడాలి. 180కి పడిపోతే 2000 వాట్ల హీటరు 1200 వాట్ల పని మాత్రమే చేస్తుంది. బోరునీళ్లయితే సున్నపు పొర మరో శత్రువు. నీరు కాగినప్పుడల్లా అందులోని కాల్షియం హీటరు మీద పేరుకుంటుంది. దాంతో వేడి నీటికి చేరక హీటరే కాలిపోతుంది. తాగే నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మంచిదని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. అంతకు ఎన్నో రెట్లున్న బోరునీళ్లు మన ఊళ్లలో కొత్త కాదు. అలాంటి చోట పొర కరిగించే పొడి వేసి, పుస్తకంలో చెప్పినట్టు ఖాళీ మెషీను అప్పుడప్పుడు నడపాలి. ఆ పొడిలో ఆమ్లం ఉంటుంది కాబట్టి బ్లీచింగు మాత్రం కలపకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

నీళ్లు కాగడం మొదలయ్యే వేళకి ఇంట్లో కరెంటు ట్రిప్పవుతుంటే మాత్రం ఇంకే పరీక్షా వద్దు. హీటరు లోపల చిట్లి కరెంటు బయటికి పాకుతూ ఉండొచ్చు. మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి మెకానిక్‌ని పిలవడమే. ఎర్త్ లేని సాకెట్టుకో, ఎక్స్‌టెన్షన్ బాక్సుకో తగిలించి నడిపిస్తే ప్రాణాల మీదికొస్తుంది. ఈ మెషీనుకి ఎర్త్ సరిగా ఉన్న 16 యాంపుల సాకెట్టే ఉండాలి.

ఆ ఇంట్లో ఇప్పుడు కొత్త తువ్వాళ్లు మొదటి నాలుగైదు ఉతుకులూ బాల్కనీ దండెం మీదే ఆరుతున్నాయి. కాలెండరులో నెలకోసారి 'ఫిల్టరు', ఏడాదికోసారి 'గాలిగొట్టం' అని మాస్టారి చేతిరాత కనిపిస్తుంది. పసివాడి గుడ్డలు మాత్రం మెషీనులోంచి వెచ్చగా వస్తున్నాయి.