మా ఇంట్లో బాంబులు చేస్తున్నారు... స్నానానికి!

అనంతపురం వాణ్ణని చెప్పగానే ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు, "మీ ఊళ్ళో ఇంకా బాంబులు వేసుకుంటారా?" అని. సినిమాల పుణ్యం. ఇన్నాళ్ళూ "అదంతా సినిమా వాళ్ళ సుమోలు లెండి" అని సర్దిచెప్పేవాణ్ణి. ఇక ఆ మాట అనలేను. మొన్న దసరాకి ఇంటికి వెళ్ళేసరికి మా చెల్లెలు వంటింటి గట్టు మీద వరసగా పన్నెండు బాంబులు ఆరబెట్టుకుని కూర్చుంది. గులాబీ రంగువి ఆరు, పచ్చవి ఆరు.

కంగారు పడకండి, ఇవి బాత్ బాంబులు. వంటసోడా, నిమ్మఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్, కార్న్‌ఫ్లోర్, ఒక చెంచా కొబ్బరినూనె, కాస్త సెంటు. అన్నీ కలిపి ఉండ కడితే బాంబు. టబ్బు నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగి, రంగు, వాసన వదిలి కరిగిపోతుంది. అజీర్తికి తాగే ఈనో పొడిలోనూ జరిగేది ఇదే. ఇంగ్లండులో మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ 1989లో తన పెరటి షెడ్డులో వీటిని కనిపెట్టింది. ఆవిడా, భర్తా, మరికొందరూ కలిసి 1995లో మొదలుపెట్టిందే లష్ కంపెనీ. పెరట్లో పుట్టిన సరుకు కాబట్టి ఇంట్లో చేసుకోవడం కొత్తేమీ కాదన్నమాట.

మా చెల్లెలి ఉద్దేశం సరదా కాదు. డిగ్రీ అయ్యి ఇంట్లో ఉంది, బెంగళూరు వాళ్ళకి అమ్మి నాలుగు డబ్బులు సంపాదించాలని. "నీ ఫ్రెండ్సందరికీ చెప్పన్నా" అంది. నేను వెంటనే మొదలుపెట్టాను ఉపన్యాసం. బిందె నీళ్ళ కోసం ట్యాంకరు వెనక పరిగెత్తిన ఇంట్లో టబ్బు స్నానం సరుకు తయారు చేస్తావా, సిగ్గుండాలి, వగైరా వగైరా. అది ఓపిగ్గా విని, "అయిపోయిందా? ఇదిగో, వీటన్నిటికీ కలిపి నేను వాడిన నీళ్ళు" అని ఒక చెంచా చూపించింది.

నిజమే. ఈ పిండిలో నీళ్ళే శత్రువు. నాలుగు చుక్కలు ఎక్కువైతే అక్కడే పొంగడం మొదలుపెడుతుంది. రవ్వలడ్డుకి పాలు చిలకరించినట్టు చిలకరించి, గుప్పిట్లో నొక్కితే ఉండ నిలిచేంత తడి ఉండాలి, అంతే. గాలిలో తేమ ఉన్నా చెడుతుంది. విశాఖలో ఉన్న మా పిన్ని కూతురు ఇదే కొలతతో చేస్తే తెల్లారేసరికి ఉండలు బొండాల్లా ఉబ్బి పగిలాయట. మా ఇంట్లో మాత్రం ఒక్క రాత్రికి రాయిలా గట్టిపడ్డాయి.

కారణం చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివిందే. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అయి మా దాకా వస్తాయి. ఈశాన్య రుతుపవనాలకి మేము మరీ లోపల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఇన్నేళ్ళూ మమ్మల్ని ఏడిపించిన ఆ పొడిగాలి వల్ల లాభపడిన మొదటి మనిషి మా చెల్లెలే అనుకుంటాను.

ఒప్పుకున్నాను. చేయడానికి మా ఊరిని మించింది లేదు. మరి వాడడానికి?

టబ్బు నిండాలంటే తక్కువలో తక్కువ 150 లీటర్లు కావాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలని పెట్టుకుంది. అంటే ఒక్క టబ్బు స్నానం ఒక మనిషికి మూడు రోజుల వాటా, అదీ వంటకీ, తాగడానికీ, బట్టలకీ అన్నిటికీ కలిపి. నగరాలకి పెట్టుకున్న లెక్క 135 లీటర్లు. అక్కడ కూడా టబ్బు నిండదు! 2024 మార్చిలో బెంగళూరులో తాగునీళ్ళతో కార్లు కడిగితే అయిదు వేలు జరిమానా వేస్తామన్నారు, గుర్తుందా? ఆ నెల మా అపార్టుమెంటులో కూడా ట్యాంకరు కోసం జనం కిందకి దిగి నిలబడ్డారు. వాళ్ళలో ఇద్దరి ఇళ్ళలో టబ్బులున్నాయి. బట్టలు నానబెట్టుకోవడానికి పనికొస్తున్నాయట.

అసలు మన భాషలోనే ఈ సంగతి ఉంది. మా సీమలో స్నానం చేయడమంటే నీళ్ళు పోసుకోవడం. "నీళ్ళు పోసుకున్నావా?" అంటాం గానీ "నీళ్ళలో నానావా?" అనం. మునగడం ఏటికో, పుష్కరాలకో. మిగతా రోజుల్లో బకెట్టు, చెంబు. పదిహేను ఇరవై లీటర్లతో తలకి కూడా పోసుకుని బయటికొచ్చే విద్య మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ వచ్చు.

ఇక్కడ ఇంకో వర్గం వాళ్ళున్నారు. "సున్నిపిండి ఉండగా ఈ ఫారిన్ చెత్త ఎందుకు?" అనేవాళ్ళు. మా మావయ్య అదే అన్నాడు. సున్నిపిండి అంటే నాకూ ఇష్టమే. దీపావళికి నువ్వులనూనె పట్టించి, పెసలు, శనగలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు కలిపి ఆడించిన పిండితో మా అవ్వ ఒళ్ళు రుద్దుతుంటే చర్మంతో పాటు ప్రాణం కూడా ఊడొచ్చేది. కానీ ఈ పోలికే తప్పు. సున్నిపిండి మురికి తీస్తుంది. బాంబు మురికి తియ్యదు, దాని పని వాసన, కాస్త నూనె జిడ్డు, బోలెడంత తమాషా. ఒకటి సబ్బుకి పోటీ, ఇంకోటి అగరొత్తికి పోటీ. పాతది గొప్పదని చెప్పడానికి కొత్తదాన్ని తిట్టక్కర్లేదు. (మావయ్య ముందు ఈ మాట అనలేదు లెండి, అల్లుణ్ణి కాబట్టి.)

కాబట్టి బాంబుని బకెట్టు సైజుకి తగ్గిస్తే సరిపోతుందని నా ఇంజనీరింగ్ బుర్ర తేల్చింది. కాగితం తీశాను. మా చెల్లెలి బాంబు వంద గ్రాములు. అందులో యాభై సోడా, పాతిక నిమ్మఉప్పు. ఆ పాతిక గ్రాముల నిమ్మఉప్పుకి సుమారు ముప్పై మూడు గ్రాముల సోడా చాలు, మిగతా పదిహేడు గ్రాములు ఊరికే కరుగుతాయి. వచ్చే గ్యాసు తొమ్మిది లీటర్ల పైమాటే. అందుకే తడి తగిలిన బాంబుని బిగుతు మూత సీసాలో పెట్టొద్దని గట్టిగా చెప్పాను, అప్పుడది నిజంగానే సీమ బాంబు అవుతుంది. టబ్బుకి వంద గ్రాములైతే పదిహేను లీటర్ల బకెట్టుకి పది గ్రాములు. గోళీ సైజు. అంతా బ్రహ్మాండం అనుకుంటుండగా మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఒకే ఒక ప్రశ్న వేసింది.

"ఆ నీళ్ళు కరేపాకు చెట్టుకి పోతాయి కదా నాయనా, ఏమీ కాదా?"

నేను ఆలోచించనిది అదే. మా ఇంట్లో స్నానాల గది నీళ్ళు కాలవలోకి పోవు. చిన్న పిల్లకాలవ తీసి పెరట్లో కరేపాకుకీ, అరటికీ మళ్ళించారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. మా వీధిలో చాలా ఇళ్ళు అంతే. మేము పోసుకున్న నీళ్ళే చెట్లకి పోసే నీళ్ళు. నేను బెంగళూరు వెళ్ళి పదేళ్ళలో, స్నానం నీళ్ళు జాలీలోంచి కిందికి వెళ్ళగానే అవి లేనట్టే అనుకోవడం నేర్చుకున్నాను.

మళ్ళీ కాగితం. యాభై గ్రాముల సోడాలో సోడియం దాదాపు పద్నాలుగు గ్రాములు. మామూలు ఉప్పు లెక్కన ముప్పై అయిదు గ్రాములు. అంటే పెద్ద బాంబు ఒకటి వాడితే కరేపాకు మొదట్లో రెండు పెద్ద చెంచాల ఉప్పు పోసినంత సోడియం. సోడియం పేరుకుంటే నేల బిగుసుకుపోయి నీళ్ళు ఇంకవు. కోనసీమలో అయితే వానలు కొట్టి ఆ ఉప్పుని కిందికి తోసేస్తాయేమో. మా దగ్గర తోసే వాన ఏది? పైగా మా బోరు నీళ్ళు ముందే ఉప్పన. పది గ్రాముల గోళీ అయితే నష్టం పదో వంతే, కానీ రోజూ వాడితే పది రోజులకి మళ్ళీ అక్కడికే వస్తాం.

అందుకని నా అభిప్రాయం ఇది. బాత్ బాంబులు చేసుకోండి, పిల్లలతో చేయించండి, కెమిస్ట్రీ పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది. కానీ టబ్బు నింపి వాడకండి. ఎక్కడో టబ్బులో మనం తిప్పిన కొళాయి ఏ చెరువుదో, ఏ బోరుదో, ఆ ఊళ్ళో ఎవరి వాటాదో అడగండి. "నేను కొన్న నీళ్ళు నా ఇష్టం" అనే మాట నాకు నచ్చదు. ట్యాంకరు వాడికి మనమిచ్చేది నీళ్ళ ధర కాదు, డీజిలు, బోరు, డ్రైవరు ఖర్చు. భూమిలోంచి తోడిన నీళ్ళకి ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు.

మా చెల్లెలి వ్యాపారం సంగతి. అమ్మడానికి ఇంకో అడ్డు ఉంది. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే లైసెన్సు కావాలి, వంటింటి గట్టు చూపిస్తే ఇవ్వరు. ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్న చాలామందికి ఈ సంగతి తెలియదు, లేదా తెలిసీ ఊరుకుంటారు. నేను చెబితే దాని మొహం చిన్నబోయింది. నీళ్ళ మీద ఉపన్యాసం ఇచ్చినప్పుడు కూడా అంత చిన్నబోలేదు. నాకే తప్పు చేసినట్టు అనిపించింది.

అయితే అది మా అమ్మ ప్రశ్నని వదిలిపెట్టలేదు. నేను బెంగళూరు వచ్చాక ఫోన్ చేసింది. వంటసోడా బదులు పొటాషియం బైకార్బనేట్ వాడితే సోడియం ఉండదు కదా, పొటాషియం చెట్లకి ఎరువే కదా అని. లెక్క చూస్తే సరైనదే, బరువు మాత్రం సోడా కంటే అయిదో వంతు ఎక్కువ పడుతుంది. గోళీ సైజు, బకెట్టుకి ఒకటి, నీళ్ళు చెట్లకి పోయొచ్చు. ముందు మా పెరట్లో అరటి మీద పరీక్ష, తర్వాత లైసెన్సు సంగతి చూస్తుందట. ధర అడిగాను. వంటసోడాకి చాలా రెట్లు.

"అరకిలో చాలన్నా, నీ జీతంలోంచి పంపు" అంది.

నిన్న ఆర్డరు పెట్టాను.